కర్చీఫు వేసిన సీటు

పెరవలి దాటాక బర్రె అడ్డమొచ్చింది.
వీరవెంకన్న బ్రేకు తొక్కాడు.
నేను టిక్కెట్టు మిషను చూసుకుంటున్నాను,
ముందు సీటు కమ్మీ నన్ను చూసుకుంది.

పై వరసలో ఎదురు పళ్ళు రెండు.
ఒకటి అరచేతిలోకొచ్చింది.
రెండోది ఎక్కడ దిగిపోయిందో ఇప్పటికీ తెలీదు.
నా పదకొండేళ్ళ సర్వీసులో
టిక్కెట్టు లేకుండా వెళ్ళింది అదొక్కటే.

పోయాక తెలిసిందండీ,
మన అక్షరాల్లో ఎన్ని పళ్ళనానుకుని నిలబడ్డాయో.
నా రూటు చూడండి:
తణుకు. సిద్ధాంతం. ఈతకోట.
పెదాలతో గట్టెక్కేది పెరవలి ఒక్కటే.
సిద్ధాంతం అని కేకేస్తే
ముందు ఈల, వెనక ఉమ్ము,
మధ్యలో ఊరు లేదు.
"మేడంగారికి ఈల కొనక్కర్లేదురోయ్"
అన్నాడొకడు వెనక సీట్లోంచి.
బస్సంతా నవ్వింది.
నేనూ నవ్వాను, చెయ్యడ్డం పెట్టుకుని.

నా పేరు దైవకృప.
అదీ నా నోట్లో నిలవడం మానేసింది.

నెల్లాళ్ళు మాస్కు కట్టాను.
"కరోనా ఎప్పుడో ఎల్లిపోయిందిగా అమ్మా"
అంది అరటి గెలలావిడ.
నీళ్ళు తాగుదామని మాస్కు ఎత్తినప్పుడు
ఈతకోటలో ఎక్కే ఒకటో తరగతి పిల్ల పట్టేసింది.
"నీకూ ఊడాయా?"
తన సందు చూపించింది, గర్వంగా.
"నావి మళ్ళీ వస్తాయంట. నీవి?"
చిల్లర లేనిదానిలా నిలబడిపోయాను.

తణుకులో డాక్టర్ హసీనా
నా దవడ ఫొటో వెలుగులో పెట్టి చూసింది.
"ఎముక సన్నంగా ఉందండి,
మామూలు మరలు పట్టవు. సన్నవి వేద్దాం."
మూడు మిల్లీమీటర్లంట.
సన్నమంటే నాకు తెలుసు.
కాలవగట్టు రోడ్డు మీద
గడ్డి ట్రాక్టరు ఎదురొచ్చినప్పుడు
మా బస్సుకి మిగిలే చోటు.
ఆ చోట్లోంచి రోజూ పోతున్నాం కదా.

సొసైటీలో లోను పెట్టాను.
కారణం అన్న గడిలో
ఇంటి మరమ్మతు అని రాశాను.
అబద్ధమేం కాదు.

మొద్దుబారిన పెదవి కింద
నొప్పి లేదు, చప్పుడే.
గతుకుల్లో గేరు మారుతున్నట్టు
పుర్రె నిండా మా డిపో.
సాయంత్రానికి రెండు తెల్లటివి తగిలించి
అద్దం చేతికిచ్చింది.
"ఇవి తాత్కాలికం. కింది పళ్ళకి తగలకుండా పెట్టాను.
మాట్లాడండి, నవ్వండి. కొరక్కండి.
ఎముక మరని పట్టుకోడానికి నాలుగు నెలలైనా కావాలి."

"కర్చీఫన్నమాట" అన్నాను.
అర్థం కాలేదు పాపం, కార్లో తిరిగే మనిషి.
కిటికీలోంచి కర్చీఫు పడేసి సీటు ఆపుకుంటారు చూడండి,
అది.
మనిషింకా ఎక్కలేదు.
కింద జనంలో తోసుకుంటూ వస్తున్నాడు.
అందాకా దాని మీద ఎవరూ బరువు పెట్టకూడదు.

అప్పట్నుంచీ జామకాయ చాకుతో ముక్కలు కోసి
పక్క పళ్ళకి పంపిస్తున్నాను.
రావులపాలెం స్టాండులో పూతరేకులబ్బాయి
"ఇది కొరికేదేటండీ, కరిగేదేగా" అని ఒకటి ఊరికే ఇచ్చాడు.
తిన్నాను. కానీ భయపడుతూ.
రాత్రిళ్ళు కల్లో రెండూ ఊడి వశిష్ఠలో పడతాయి,
లేచి నాలికతో తడుముకుంటాను.
నాలిక నమ్మదు. మళ్ళీ తడుముతుంది.

సోమవారం మాస్కు తీసేశాను.
ఈతకోటలో ఎక్కింది పిల్ల,
బ్యాగు నా మీద పడేసి పైకి చూసింది.
"వచ్చేశాయా!"
"లేదమ్మా, కర్చీఫు వేశాను."
దానికి వెంటనే అర్థమైపోయింది. బస్సు పిల్ల.
పెదవి పైకెత్తి చూపించింది.
చిగురులో బియ్యపు గింజంత తెలుపు.
"నాది ఎక్కేసింది."

వంతెన మీద కిటికీల నిండా నీళ్ళు.
సున్నా టిక్కెట్లు కొట్టడం ఆపి
ఊపిరి తీసుకున్నాను.
నాలిక వెళ్ళి అద్దె పళ్ళ వెనక ఆనింది,
మెల్లిగా, అడిగి ఆనినట్టు.

సిద్ధాంతం!
సిద్ధాంతం దిగేవాళ్ళు!

ఎవరూ తల తిప్పి చూడలేదు.
దిగేవాళ్ళు దిగారు.