తొమ్మిదో స్క్రూ

సొహార్‌లో ఆసుపత్రికి అడుగున, కిటికీల్లేని గదిలో
నా పని కడగడం.
మనుషులు నాకు కనపడరు.
వాళ్ళలోకి వెళ్ళొచ్చినవి కనపడతాయి.
పటకార్లు, డ్రిల్లు బిట్లు, ఎముకని పట్టే కొక్కేలు.
ఎండితే వదలదని తడిగుడ్డ కప్పి పంపుతారు,
అంట్లు నానేసినట్టే.

కొత్తలో తొడ ఎముక సెట్టు విప్పి
ఇదెవరి వంటింటి సామానని అడిగాను.
మోకాలి దగ్గర వెడల్పు, పైకి పోనుపోను సన్నం,
కాస్త వంకీ తిరిగి
అచ్చం మా అమ్మ అట్లకాడ.
సూపర్‌వైజర్ జమీలా నవ్వలేదు.
ఎడమవి ఎడమ గూట్లో, కుడివి కుడి గూట్లో.
తారుమారైతే పైన మనిషి
కాలు తెరుచుకుని ఎదురుచూస్తాడు, అంది.

ఈ స్క్రూలకి తలమీద కూడా మరలుంటాయి.
ప్లేటులోనూ బిగుస్తాయి, ఎముకలోనూ బిగుస్తాయి.
పొడవుల వారీగా గుచ్చి ఉంచాలి,
ముప్పై ఆరు, నలభై, నలభై నాలుగు...
అంతకుముందు ఇళ్ళల్లో పనికున్న ఆరేళ్ళూ
మేడమ్ గారి వెండి చెంచాలు
రోజూ లెక్కపెట్టాకే నిద్ర.
ఒకటి తగ్గితే ముందు విప్పేది నా పెట్టె.
అందుకని ఇక్కడ లెక్క
ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.

ఆ బుధవారం రాత్రి
పదకొండు కన్నాల ఎడమ ప్లేటు గూడు ఖాళీగా దిగొచ్చింది.
కాగితం మీద స్క్రూలు ఎనిమిది.
పెట్టెలో తగ్గినవి తొమ్మిది.

కడిగాక మళ్ళీ, ఆరాక మళ్ళీ.
సింకు జాలీ ఊడదీశాను.
పారేసిన దూదులు ఒక్కొక్కటీ విడదీశాను.
నలభై నాలుగు మిల్లీమీటర్లు,
నా చిటికెన వేలికన్నా చిన్నది.
ముప్పై ఎనిమిదేళ్ళదాన్ని, గుండె దడదడలాడుతూ
నా పెట్టె ఎక్కడ పెట్టానా అని ఆలోచించాను.

టెక్నీషియన్ ప్రిన్సన్ విసుక్కుంటూ స్క్రీను నావైపు తిప్పాడు.
తొడ ఎముకంటే దుడ్డుకర్రలా ఉంటుందనుకున్నాను.
పొగలో ఇంకో పొగలా ఉంది.
మోకాలికి బెత్తెడు పైన
చెయ్యి జారిన అప్పడంలా ముక్కలు.
వాటి పక్కన నేను కడిగిన అట్లకాడ,
దాన్నుంచి లోపలికి దువ్వెన పళ్ళు.
కింద ఐదు, పైన నాలుగు.
తొమ్మిది.

హమ్మయ్య అని గోడకి చేరబడ్డాక
మూలన ఇంగ్లీషు అక్షరాలు కనపడ్డాయి.
ఆడెపు రాజలింగం, 43.
ఆ పేరు సరిగ్గా పలకడం
ఆ పూట ఆ భవనంలో నాకొక్కదానికే వచ్చు.

శనివారం టీ వేళ మేడెక్కాను.
కడిగేదాన్ని అని చెప్పలేదు, ఇక్కడే పని అన్నాను.
ఆయనది రేవులో పని. కంటైనర్ల మీద కట్లు విప్పుతుంటే
మంచుకి తడిసిన ఇనుము మీద బూటు జారిందట.
"మూడు నెల్లు కాలు కింద మోపద్దన్నరు.
కంపెనీ రెండు నెల్లకే సెలవు రాసింది.
ఎముకకు గా సంగతి ఎవలు జెప్పాలె?"

అందరూ కాగితాలతోనే వస్తున్నారట.
బూట్లెన్నాళ్ళవి, హెల్మెట్ పట్టీ పెట్టుకున్నావా,
ఆ ఉదయం ఎన్ని గంటలు నిద్రపోయి లేచావు.
నాకేం మాట్లాడాలో తెలీక
"మీ కాల్లో తొమ్మిదున్నాయండి" అన్నాను.

"ఎనిమిది అన్నడు గదమ్మా డాక్టరు?"

"రాయడం మర్చిపోయారండి. నేను లెక్కపెట్టాను."

ఆయన నవ్వాడు.
నవ్వుకి కుట్లు లాగి, అబ్బా అని తొడ పట్టుకుని
మళ్ళీ నవ్వాడు.
"అంటే ఒకటి లెక్కల లేదన్నట్టు.
పదహారేండ్లల్ల వీళ్ళ దగ్గర
లెక్కల లేనిది గిదొక్కటే నాకు దక్కింది.
ఎవ్వలకు చెప్పకు."

చెప్పనండి, అన్నాను.
గురువారం పొద్దున్నే ఎనిమిది కొట్టేసి తొమ్మిది వేసి
పక్కన పొట్టి సంతకం పెట్టేశాను.
జమీలా దానిమీద ముద్ర కూడా గుద్దింది.

దుప్పటి మీంచే తడుముకుంటూ
అదెక్కడుంటదమ్మా, అని అడిగాడు.
పైనుంచి మూడోదండి, అని వేలుపెట్టి చూపించాను.

ఏదో ఒకటి చూపించాలి కదా.