నాలుగు నెలలు తక్కువ

కిటికీల కూసున్న పిల్ల మంచిదే.
మూడుసార్లు కంప్యూటర్ల చూసింది,
నాలుగోసారి నా మొకం చూసింది.
"ఈఎస్ఐల ఐదేండ్లు నిండాలె పెద్దమ్మా,
నీయి నాలుగేండ్ల ఎనిమిది నెలలే కనవడ్తున్నయ్."

నూట ఇర్వై రూపాయలు
కొంగు కొసకు ముడేసుకొని వచ్చిన.
ఏడాదికి అంతేనంట, పని దిగిపోయినోళ్ళకు
డాక్టరు, మందులు, దవాఖానల మంచం.
ముడైతే విప్పిన గానీ
పైసలు తీసుకునేటోళ్ళు లేరు.

కాటేదాన్ల ఇర్వైరెండేండ్లు చేసిన తల్లీ, అన్న.
బిస్కెట్లు పన్నెండు పన్నెండు పేర్చుడు,
కాగితం మడుచుడు,
కాలే పలకకు ఒత్తుడు.
గీ బొటనేలు చూడు, గీత లేదు,
రేషన్ మిషన్ సుత గుర్తువట్టది.
ఆ పిల్ల నా ఏలు చూసింది చానాసేపు.
ఏలును ఎక్కియ్యనీకి కంప్యూటర్ల జాగ లేదు.

మేస్త్రి అంజిలయ్య
పెన్సిల్‌తోని రాసేటోడు మా పేర్లు.
తనిఖీ సారు జీపు మలుపు తిరిగిందంటే
మైదా గోదాంలకు తోలేటోడు అందర్ని.
బస్తాల నడుమ పదిహేను మందిమి,
దగ్గొస్తే కొంగు నోట్ల కుక్కుకొని,
కనురెప్పలదాంక తెల్లగ.
నవ్వొచ్చేది అప్పుడు.
బుగ్గమ్మ అయితే గోడకానుకొని గుర్రు వెట్టేది.
చెయ్యకుండనే రెండు గంటల కూలి అనుకున్నం.
గా గంటల్నే ఒకనాడు అడుగుతరని
ఎవరికెరుక?

కార్డు చేసిచ్చిన నెల
జీతంల డెబ్బై రూపాయలు తక్కువొస్తే
లొల్లి వెట్టింది నేనే.
"నా కష్టం ఎందుకు కోసిండ్రు?" అని
ఆఫీసు మెట్ల మీద కూసున్న పొద్దుమీకేదాంక.
ఇప్పుడు కోసినయే లెక్క.
కొయ్యని ఏండ్లన్ని గాలికి వోయినయ్.

కిటికీకాడికెళ్ళి సీదా కాటేదాన్‌కే పోయిన.
వాచ్‌మన్ కొత్తోడు. "ఉమర్ కిత్నీ అమ్మా?"
యాభైతొమ్మిది అన్న.
అబద్ధం గాదు, ఇంక ఆర్నెల్లు నిజమే.
లోపట్నుంచి మాడిన చక్కెర వాసన,
పాలపొడి వాసన.
పొద్దుగాల షుగరు బిళ్ళ ఏసుకోలేదని
గప్పుడు యాదికొచ్చింది.

సూపర్వైజరు బయటికొచ్చిండు,
నా కొడుకంత లేడు.
"ప్యాకింగంత మిషన్లే చేస్తున్నయ్ గదమ్మా."
ఊడుస్త అన్న. గిన్నెలు తోముత.
నాలుగు నెలలే బిడ్డా.
సగం జీతమియ్యి, అదీ లేకుంటే పాయె,
పేరు మాత్రం రాయి.
గసొంటి బేరం ఎన్నడు ఇనలేదేమో,
ఫోన్ దిక్కు చూసుకుంట "చూస్తం" అన్నడు.
పెన్సిల్‌తోని చూస్తవా, పెన్నుతోనా
అని అడుగుదామనుకున్న.
అడుగలే.

బస్సుల కండక్టరమ్మ జీరో టికెటిచ్చింది.
ఎప్పుడైతే ఉండ చుట్టి కిటికీలకెళ్ళి ఇసిరేస్త.
ఇయ్యాల మడత వెట్టి
నూట ఇర్వై ఉన్న ముడిలనే దాసిన.
తారీఖు ఉంది దాని మీద.