పద్దెనిమిది, నలభై

జూలై రెండో వారం.
చిత్తూరు బైపాస్ మీద ట్రాక్టర్లు,
గుజ్జు ఫ్యాక్టరీ గేటు నుంచి పెట్రోలు బంకు దాకా.
బెంగళూరా కాయ ఎండకు పగిలి
రోడ్డంతా పులిసిన వాసన.
ఆ వాసనలోనే నా కుర్చీ, నా కంప్యూటరు,
వే బ్రిడ్జి వెనక
తలుపు లేని స్టోర్ రూములో.

రాత్రి పదకొండుకు తూకం మిషను
ఒక ఎక్స్ఎంఎల్ ఫైలు పంపిస్తుంది.
లోడు అని తెరుస్తుంది,
లోపల రైతు అని తెరుస్తుంది,
పేరు చెప్పి రైతును మూస్తుంది,
ఊరు చెప్పి ఊరిని మూస్తుంది,
నికర బరువు చెప్పి దాన్నీ మూసి
చివరికి లోడును మూస్తుంది.
వంటింట్లో మా పిన్నమ్మ పని ఇట్లాగే ఉంటుంది,
ఏ డబ్బా మూత ఆ డబ్బాకే.

సీజన్లో ఫైలు పెద్దది.
మొత్తం ఒకేసారి నెత్తికెత్తితే
నా పాత కంప్యూటరు మోకాళ్ళ మీద కూలబడుతుంది.
అందుకే పార్సర్‌తో చెప్పాను,
చెట్టుకు చెట్టు పెరికి తేవద్దు,
తట్ట తట్టగా మోసుకురా.
తట్టకు ఎనిమిది వేల చిల్లర అక్షరాలు.
ట్యాగు తెరిస్తే ఒక కేక వెయ్యి,
లోపల మాట కనబడితే ఒక కేక,
మూస్తే ఒక కేక.
నేను రాసుకుంటాను.

నెల రోజులు బాగానే రాసుకున్నాను.

తవణంపల్లె నుంచి మొగిలమ్మ వచ్చింది.
వక్కాకు తిత్తిలోంచి
నాలుగు మడతల చీటీ తీసింది.
“నలభై కేజీలంట సామీ.
నలభై కేజీలకు ట్రాక్టరు కట్టుకోని వస్తానా?
నెత్తిన పెట్టుకోనొస్తా గదా.
ఇంగ నాదొక్కటే గాదు...”
“లోడు నంబరు చెప్పమ్మా” అన్నాను.
“నంబరు దాంట్లోనే ఉండాది. మా పక్క కయ్యి...”
“ముందు నీది చూద్దాం.”
ఆమె నోరు మూసుకుంది.
చీటీ మీద పద్దెనిమిది వందల నలభై.
స్క్రీను మీద నలభై.

రాత్రి ఫైలు తెరిచి చూశాను.
బరువు సరిగ్గానే ఉంది, నాలుగంకెలూ.
ట్యాగులు సరిగ్గానే మూసి ఉన్నాయి.
తూకం మిషనును తిట్టాను,
దాన్ని నడిపే దొరసామిని తిట్టాను,
రెండు గంటలకు
కేక కేకనూ అచ్చు వేయించి చూస్తే
పద్దెనిమిది, ఒక కేక.
నలభై, ఇంకో కేక.
సరిగ్గా ఆ అంకెల మధ్య తట్ట నిండింది.
సగం బరువు ఈ తట్టలో,
సగం బరువు వచ్చే తట్టలో.
పార్సర్ రెండూ చెప్పింది.
నేనే రెండోది వినగానే
మొదటిదాన్ని తుడిచి రాసుకున్నాను.

ఒక మాట ఒకే ఊపిరిలో వస్తుందని
దానికి ఎవరు చెప్పారు?
ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను.

సరిచేయడానికి అయిదు లైన్లు.
ఒక ఖాళీ తిత్తి పెట్టాను.
తెరిచిన కేకకు దాన్ని దులుపు,
ముక్క వచ్చినప్పుడల్లా లోపల వెయ్యి,
మూసిన కేక వినబడ్డాకే విప్పి చూడు.
అంతే. చిన్న పిల్లలకు చెప్పే సంగతి.

తెల్లవారుజామున నెల ఫైళ్ళన్నీ మళ్ళీ నడిపాను.
పదకొండు లోడ్లు మారాయి.
చెంగల్రాయుడు అనే మనిషి
ముందు తట్టలో చెంగల్‌ను వదిలేసి
ఏ ఊళ్ళోనూ లేని రాయుడై
పన్నెండు రోజులుగా డబ్బుకు తిరుగుతున్నాడు.
ఊరు చూశాను, తవణంపల్లె.
మొగిలమ్మ పక్క కయ్యి.

ఏడు గంటలకు ఫోను చేశాను.
“మీ బరువు సరిచేశాను” అని చెప్పి
“నిన్న ఏదో చెప్తా ఉన్నారు” అన్నాను.
ఆమె మొదలుపెట్టింది.
డ్రిప్పు పైపు కొరికిన ఉడుత గురించి,
ట్రాక్టరు బాడుగ గురించి,
మధ్యలో దగ్గు, మధ్యలో ఎవరినో అదిలింపు,
చాలాసేపు ఏమీ లేదు, అవతల కోడి కూత మాత్రం.
అయిపోయిందేమో అనుకున్నాను.
“ఆ చెంగల్రాయుడు ఉండాడు చూడు...” అంది.

పెన్ను మూత తీసే ఉంచాను.