రెండో షిఫ్టు

పదిహేడు, పదిహేడు.
అక్కడిదాకే చూసినం.
ల్యాంపు రూం కిటికీకి ఆనించిన సెల్లుల
మనోళ్లు నీలం బట్టలు, అవతలోళ్లు ఎర్రబట్టలు.
హాఫ్‌టైం బూర ఊదంగనే
మా మస్టర్ పడ్డది.
సెల్లులన్నీ డబ్బాలేసి తాళం పెట్టిండ్రు.
భూపాలపల్లి బాయిలకు
అగ్గిపెట్టె పోదు, బీడీ పోదు,
ఆసియా క్రీడలు అసలే పోవు.

ఓదెలు బిడ్డ సమత
ఎడమ కార్నర్ల ఆడుతది.
లోకానికి ఆమె నంబరు తెలుసు.
నాకు ఆమె మోకాళ్లు తెలుసు.
కోటర్ల వెనక, బొగ్గుపొడి కలిసిన నేల మీద
మొగపోరగాండ్ల మడమలు పట్టి పట్టి
చెక్కుకపోయిన మోకాళ్లు.
పసుపు పెట్టుకుంట వాళ్లమ్మ తిట్టేది,
తిట్టుకుంటనే పెట్టేది.

ఓదెలు టింబర్‌మన్.
కప్పు కింద దిమ్మెలు నిలవెడుతడు.
ఇనుపకడ్డీతోని పైన కొట్టి వింటడు.
ఖంగుమంటే గట్టి.
డొల్లగ పలికితే, జరుగు.
ముప్పై ఏండ్ల సంది
అదొక్కటే ఆయన చదివిన చదువు.

ఆ దినం లోపల
దిమ్మెకొక స్కోరు పుట్టింది.
హాలర్ సమ్మయ్య ఐదు పాయింట్లతోని గెలిపిచ్చిండు.
ఎస్‌డీఎల్ రాయలింగు ఓడగొట్టి,
మనసొప్పక మళ్ల గెలిపిచ్చిండు.
ఎవడో సుద్దముక్కతోని టబ్బు మీద
'ఇరవైనాలుగు, ఇరవైరెండు, మనమే' అని రాస్తే
ఆ టబ్బు బొగ్గు నింపుకొని అట్లనే పైకి పోయింది.
చూసినోళ్లు నమ్మే ఉంటరు.

లోపల తీగె ఫోనున్నది.
తిప్పితే పైనోడు చెప్తడు.
"అడుగుదమా?" అన్న.
ఓదెలు కడ్డీ కప్పుకు ఆనించి
చానసేపు విన్నడు.
"వద్దు. తెలిస్తే చేతులు వణుకుతయి.
గెలిచినా వణుకుతయి.
ఈడ ఇంక ఆరు దిమ్మెలున్నయి."

ఆరూ నిలవెట్టినం.
చీల కొట్టేటప్పుడు
ఎడమకాలు ముందటికేసి ఆయన వంగుడు చూసిన.
ఆ పిల్ల వంగుడు గూడ అదే.
ఎవరు ఎవరికి నేర్పిండ్రో.

పదకొండు దాటినంక పైకొచ్చినం.
చుక్కలున్నయి. మాటల్లేవు.
ల్యాంపు రూం కనకయ్య
మా బిళ్లలు అందుకుంట, మొఖాలు చూడకుంట
"ఒక్క పాయింటు" అన్నడు.
ఎవరికని ఎవరం అడగలే.

ఆఖరి రైడంట.
ముప్పైఒకటి, ఇరవైఎనిమిది, మనమే పైన.
వచ్చినామె మడమ సమత చేతులల్ల ఉన్నదంట.
ఇంకో ముగ్గురు మీద పడ్డరంట.
ఆ కుప్ప కిందికెల్లి
ఒక వేలు గీతను తాకిందంట.
వేలు.
పట్టినోళ్లు నలుగురు, పోయిన పాయింట్లు నాలుగు.
టీవీల పదిసార్లు చూపెట్టిండ్రంట,
పదిసార్లూ తాకిందంట.

"వదిలేస్తే గెలిచేటోళ్లం గదనే" అన్నడు రాయలింగు.
ఓదెలు ఆయన దిక్కు చూసిండు,
కప్పు దిక్కు చూసినట్టు.
"కార్నర్ల నిలవడ్డది
వదుల్తదా?"

దేశం తన లెక్కల ఒక వెండి రాసుకున్నది.
మేము మా లెక్కల టన్నులు రాయించినం.

ఓదెలు స్నానానికి పోలే.
నల్లమొఖంతోనే డబ్బాలకెల్లి సెల్లు తీసిండు.
వీడియో చూడలే. ఫోన్ కలిపిండు.
ఆడ ఎంత రాత్రయిందో ఏమో.
మేమంత చాయ్ గ్లాసులు పట్టుకొని దూరం జరిగినం,
వినవడేంత దూరం.

"బాయి నుంచి వచ్చినవా బాపూ?
దెబ్బ తాకలే గదా?"

చిన్నప్పటి సంది ఆ పిల్ల అడిగే మాటే.
ఈసారి ఆయనకు వెంటనే జవాబు రాలే.
"నాకేంగాలే. నీ మోకాలెట్లున్నది?"
"వాచింది."
"పసుపు దొరుకుతదా ఆడ?"

ఆ పిల్ల నవ్విందో, ఏడ్చిందో,
నెట్‌వర్కే అట్లున్నదో.
చాయ్ చల్లారింది.
ఇంటికి పోంగ చూసిన,
సైడింగుల, లైటు కింద, ఒక ఖాళీ టబ్బు.
దాని మీద మేము
ఇంకా గెలుస్తనే ఉన్నం.