రెండున్నర

అడకత్తెరతో మాత్ర సగం చేస్తాను.
పోకచెక్కకి అలవాటైన చెయ్యి.
ఆవగింజంత పొడి రాలినా
వేలికొసతో అద్ది ఆయన నాలిక మీదే పెడతాను.
సోమ, బుధ, శుక్రవారాలు ఒకటి. మిగతా రోజులు సగం.

గుండెలో ఇనప కవాటం పెట్టి ఏడేళ్ళు.
రాత్రిళ్ళు టిక్కుటిక్కుమంటుంది.
మొదట్లో గోడగడియారమనుకుని
బ్యాటరీ తీసేశాను.

ముప్ఫై నాలుగేళ్ళు లాకుల మీద లస్కరు సూరిబాబు.
నీరు నిలబడితే గుర్రపుడెక్క అల్లుకుంటుంది,
ఉరవడి పెరిగితే గట్టు తెగుతుంది.
డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పబోతుంటే
ఒక్క ముక్కలో అందుకున్నాడు:
"రెండుకీ మూడుకీ మధ్య ఉంచాలి మట్టం. అంతేగా అమ్మా."

నెలకోసారి అమలాపురంలో నెత్తురుకి గేజి.
ఓసారి ఒకటీ ఎనిమిది, గోంగూర ఎక్కువైందన్నారు.
ఓసారి నాలుగూ రెండు.
మోకాలినొప్పికి షాపువాడిచ్చిన బిళ్ళట.
ఆ వారం ఆయన పుక్కిలించిన నీళ్ళు
కొబ్బరిపాదులోకి ఎర్రగా పోయాయి.

నిన్న పొద్దుగూకేవేళ
మేకకి మేత వేసి వస్తూ పాకచూరుకి తల కొట్టుకున్నాడు.
బొప్పి కూడా కట్టలేదు.
రాత్రి పదింటికి, తలగడ సర్దుకుంటూ చెప్పాడు,
ఎవరి తలో అన్నట్టు.

నేను దీపం ఆర్పలేదు.
పదకొండుకి లేపి పేరడిగాను. విసుక్కుంటూ చెప్పాడు.
పన్నెండున్నరకి, మన పెద్దదాని పెళ్ళి ఎక్కడ చేశాం?
అంతర్వేదిలో, అన్నాడు,
పప్పులో ఉప్పు మర్చిపోయారని కూడా అన్నాడు.
రెండింటికి ఏమడగాలో తోచక
గేజి ఎంతుంది, అన్నాను.

కళ్ళు తెరవకుండానే
"రెండున్నర."

నీళ్ళదో, నెత్తురుదో.
ఏ ఏటిదో.

"గట్టు వరదకి తెగదే మంగా,
ఎండ్రకాయ బొరియకి తెగుద్ది"
వానాకాలం రాత్రుళ్ళు కంచంలో చెయ్యి కడిగేసి
లాంతరు పట్టుకుని పోతూ అనేవాడు.
అన్నం తినేసి పోవచ్చుగా అంటే
బొరియ ఆగుద్దా, అనేవాడు.

ఆటో ఏలియాకి ఫోను చేశాను.
రెండు రింగులకే ఎత్తాడు.

"ఏమీ లేదుగదే" అంటూ లేచాడు,
చొక్కా వేసుకున్నాడు, గుండీ ఒకటి తప్పించి.
రోజూ ఇలాగే పెట్టుకుంటాడా,
ఈ రాత్రేనా?
నలభై ఏళ్ళ కాపురం. ఎంత తవ్వుకున్నా
గుర్తు రావడం లేదు నాకు.