బరువు దిగినంక

సహమ్‌ల మా రూము నుంచి రౌండబౌట్ దాంక
ఏడు స్పీడు బ్రేకర్లు.
పోశెట్టికి ఒక్కొక్కటి గుణంతోని సహా ఎరుక.
మసీదు ముంగటిది ముసల్ది,
మెల్లగ లేపి మెల్లగ దించుతది.
చేపల మార్కెట్ కాడిది మాత్రం మిత్తిపైసల లెక్క,
ఎన్నడు తప్పకుంట నడుములకే దిగుతది.

మాది రెండువేల మూడు సన్నీ.
ఐదుగురం కలిసి ఒక ఒమానీ పంతులు దగ్గర కొన్నం.
ఏసీ మంచిదే.
కింద మాత్రం గంపెడు గిన్నెలు.

డాక్టరు ఫిలింను లైటుకు వట్టి
ఎముకల నడుమ గుజ్జు అరిగిందని చూపిండు.
ఇరవై రెండేండ్లు సిమెంటు బస్తాలు.
"ఇంటికి పంపుండ్రి" అన్నడు కంపెనోళ్లతోని,
పోశెట్టి దిక్కు సూడకుంటనే.
శనివారం రాత్రి టికెట్.
మస్కట్ నూటడెబ్బై కిలోమీటర్లు.

శుక్రవారం ఫజర్ బాంగు అయినంక మొదలువెట్టిన.
ఎనిమిది దాటితే పానా చేతులు కాలుస్తది,
సముద్రం దిక్కుకెల్లి ఉక్క వస్తది,
చెమట కండ్లల్ల వడి నట్టు కనవడది.
చక్రం నట్లు నేల మీదనే వదులు జేసి
జాకి లేపి, కింద పాత రిమ్ములు రెండు వెట్టిన.
జాకిని నమ్మినోన్ని ఒకన్ని చూసిన.
ఆ ముచ్చట ఇప్పుడొద్దు.

పక్క కాంపౌండు దాద్‌బక్ష్, తుర్బత్ పిల్లగాడు,
స్ప్రింగును వట్టే కొంకుల రాడ్లు తెచ్చిండు.
"ఇటు నాలుగు తిప్పులు, అటు నాలుగు తిప్పులు,
ఒక్కదిక్కే తిప్పితే పాము లెక్క లేస్తది భాయ్."
పాత షాకప్‌ను వత్తితే కిందికి వోయింది,
మల్ల పైకి రాలె.

కింది ఆర్ము బోల్టు నాతోని పంతం వట్టింది.
నూనె పోసిన, తిట్టిన,
పానాకు పైపు తొడిగి దాని మీద నిలవడ్డ.
ఆఖరికి టక్కుమన్నది.
బోల్టో నా మణికట్టో
ఒక గడియ సమజ్ కాలె.

కూసుంటె నొప్పి, పంటె నొప్పి,
గోడకు వీపానిచ్చి నిలవడి
పోశెట్టే టార్చిలైటు వడుతున్నడు.
బుష్ బయటికొచ్చింది:
నడుమ ఇనుప గొట్టం, చుట్టూ రబ్బరు,
పగిలిన మడిమె తీరు.
"కొత్తది ఎంత?"
"రెండు రియాళ్లు."
"రెండేనా" అన్నడు, నవ్విండు,
నవ్వు నడుముకు తాకితే ఆపిండు.
పాతదాన్ని తిప్పి తిప్పి చూసి
అంగి జేబుల ఏసుకున్నడు.

అన్ని ఎక్కించినంక గట్టిగ బిగియ్యబోతే
దాద్‌బక్ష్ నా చెయ్యి వట్టిండు.
"గాలిల యేలాడంగ బిగిస్తే
దించంగనే రబ్బరు మెలివడ్తది,
ఆర్నెల్లల్ల చినుగుతది.
ముందుగాల దించు. బరువు పడనియ్యి.
అప్పుడు బిగియ్యి."
మమ్ముల మాత్రం ఏజెంటు
ఇమానం గాలిల ఉండంగనే బిగిచ్చిండు.
అనలేదు ఆ మాట.
ఇసుకల ఎల్లెలుకల పండి కిందికి జరిగిన,
బండి బరువంత నా ముక్కుకు జానెడు దూరంల.
అక్కడ బిగిచ్చిన.

శనివారం పొద్దుగూకినంక ఎల్లినం.
ముంగటి సీటు వాల్చి, రెండు మెత్తలు.
ఒకటి, రెండు, మసీదు ముసల్ది.
చేపల మార్కెట్ కాడ ఊపిరి బిగవట్టిన.
ముంగటి చక్రాలు ఎక్కినయ్, దిగినయ్.
ఎనుకటియి పాతయే, పైసలు సాల్లె,
గిన్నెలు ఒక్కసారి మోగినయ్.

కండ్లు మూసుకొనే అడిగిండు,
"చేపల మార్కెట్ ఇంక రాలేదా?"
"పోయింది."

మెడ తిప్పరాదు ఆయనకు.
కండ్లు తెరిచి పక్క అద్దంల చూసిండు.
గా గుబ్బ, దాని మీద తెల్ల పట్టీలు,
దుకాణం లైటు కింద
చిన్నగ, ఇంకింత చిన్నగ.