మూడు పూతలు

క్వీన్స్‌ఫెరీలో పొద్దు వాలుతోంది.
గట్టున మూడుకాళ్ల కొంగల్లా ట్రైపాడ్లు.
ఇన్నెస్ మాత్రం
గోడ మీద బఠాణీల సంచి పరిచి
దాని ఒళ్లో కెమెరాను పడుకోబెట్టాడు.
పాత సామాన్ల కొట్లో నాలుగు పౌండ్లకు కొన్నది,
వెనక మూత ఊడకుండా నల్ల టేపు.

పదకొండేళ్లు ఫోర్త్ వంతెనకు రంగు వేసిన మనిషి.
ఏ రివెట్టు దగ్గర బ్రష్షు మొరాయించేదో
వేళ్లకింకా గుర్తు.
"ఆ ఎరుపంతా సూర్యుడిది కాదు,
మూడు పూతలు నావి" అన్నాడు
లెన్సు మార్చుకుంటున్న కుర్రాడితో.

రైలొచ్చింది. ఊపిరి బిగబట్టాడు.
టిక్.

వారం తర్వాత ఫిల్ము కడిగిస్తే
వంతెన సగమే ఉంది.
మిగతా సగానికి
టేపు సందులోంచి దూరిన వెలుతురు
తనకు తోచిన నారింజ పూసేసింది.

కాసేపు చూశాడు.
"అంచులు సరిగ్గా తియ్యలేదు" అన్నాడు,
కొత్త కూలీని మందలించే మేస్త్రీలా.